అంతా పంచేశాం

ప్రెస్సు, ప్రూఫుల బల్ల
జూన్ 3

అక్కా,

నీ కవరు నిన్న అందింది. మూడో అధ్యాయం ముప్ఫై రెండు పేజీలు, నీ ఉత్తరం ఆరు వాక్యాలు. ఆ ఆరింట్లో నాలుగోది చదివాక నాకు అన్నం సహించలేదు. "ఈసారి నీకు శ్రమ లేదురా అగ్గిపుల్లా, ప్రశ్నలన్నీ చాట్‌బాట్ అడిగేసింది, నువ్వు ఊరికే చదువుకో" అని రాశావు.

ఊరికే చదువుకోవాలా? నేను ఎప్పుడైనా ఏదైనా ఊరికే చదివానా? ఇంటర్ మధ్యలో ఎగ్గొట్టి, యూనియన్ ఆఫీసు బల్ల మీద పడుండే చిన్న చిన్న పుస్తకాలు చదివి నోరు పెంచుకున్నవాణ్ణి. మందుల సీసా మీద కాగితం చదివినా ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడుగుతాను. నన్ను పట్టుకుని ఊరికే చదువుకోమంటావా?

రెండేళ్ళుగా మనకో పద్ధతి ఉంది. నువ్వు అధ్యాయం పంపుతావు. నేను మార్జిన్ల నిండా ఎర్ర పెన్నుతో ప్రశ్నలు వేస్తాను. నువ్వు నన్ను తిట్టుకుంటూ జవాబులు వెతుకుతావు. "యజమానులు ఆందోళన చెందారు అని రాశావు, చెందుతుంటే నువ్వు చూశావా?" అన్నందుకు మూడు వారాలు నాకు ఉత్తరం రాయలేదు. తర్వాత ఆ వాక్యం కొట్టేశావు. గుర్తుందా? యాభై ఏళ్ళ కిందట మా ప్రెస్సులోనే జరిగిన కంపోజిటర్ల సమ్మె మీద నువ్వు డాక్టరేటు చేస్తున్నావు. మరి ఆ సమ్మె మినిట్స్ పుస్తకం ఎవరికి దొరికింది? బీరువా అడుగు అరలో, చెదలు కొట్టిన రసీదు పుస్తకాల కింద, మోకాళ్ళ మీద కూర్చున్న నాకు. పేజీ చిరగకుండా జిరాక్సు తీయించి పంపింది ఎవరు? ఆ చాట్‌బాటా?

యంత్రం వచ్చి మనిషి పని లాక్కుంటుందని వంద కరపత్రాల్లో చదివాను. మగ్గాల సంగతి, మిల్లుల సంగతి చదివాను. తమ్ముడి పని కూడా లాక్కుంటుందని ఏ కరపత్రంలోనూ లేదు.

అధ్యాయం మీద ఎర్ర పెన్ను పెట్టలేదు. శుభ్రంగా తిప్పి పంపుతున్నాను. చూసి సంతోషించు.

అమ్మ అడిగింది, అక్క ఏం రాసిందని. "బిజీగా ఉంది" అన్నాను.

— నీ తమ్ముడు (ఇంకా ఆ ఉద్యోగం ఉంటే)


పరిశోధకుల హాస్టలు, మూడో అంతస్తు
జూన్ 12

ఒరేయ్ అగ్గిపుల్లా,

నీ ఉత్తరం గదిలోకి రాగానే కిటికీ తెరిచాను, పొగకి. ఫోనులో అయితే మనం మూడో నిమిషానికి పోట్లాడుకుంటామని అమ్మ ఈ ఉత్తరాల ఏర్పాటు చేసింది. నువ్వు మొదటి లైనులోనే మొదలుపెడతావని ఆవిడకి తెలీదు పాపం.

సరే, అడిగావు కాబట్టి చెబుతాను. మొదట్లో నేనూ దాని దగ్గర బోల్తా పడ్డాను. "కంపోజిటర్ల సమ్మె గురించి చెప్పు" అన్నాను. నున్నటి వ్యాసం ఒకటి ఇచ్చింది. బట్టల మిల్లు సమ్మెకైనా, రేవు కూలీల సమ్మెకైనా అతికేలా ఉంది. ఇంకోసారి ఒక పుస్తకం చదవమంది, రచయిత పేరు, పేజీ నంబరు కూడా ఇచ్చింది. లైబ్రేరియన్ కంప్యూటర్లో వెతికాడు, బీరువాల్లో వెతికాడు, చివరికి నా ముఖంలో వెతికాడు. అలాంటి పుస్తకం పుట్టనే లేదు.

అప్పుడు తెలిసింది, తప్పు అడగడంలో ఉందని. దానికి ముందు చెప్పాలి: నువ్వు ఎవరు, నీ ముందు ఏ కాగితాలున్నాయి, ఏం చెయ్యకూడదు. "నేనిచ్చిన పేజీల్లో లేనిది చెప్పకు. తెలియకపోతే తెలియదను. నాకు జవాబులొద్దు, ప్రశ్నలు కావాలి." దీన్ని ప్రాంప్ట్ అంటారు. నాది ఇప్పుడు పేజీన్నర ఉంది. రోజూ ఒక మాట మారుస్తాను. మాట మారితే ప్రశ్న మారుతుంది. వంట నేర్చుకునేటప్పుడు ఉప్పు దగ్గర పడ్డ తంటాలే అన్నీ.

నీ ఉత్తరం రావడానికి ఎనిమిది రోజులు పడుతుంది. అది ఎనిమిది క్షణాల్లో అడుగుతుంది. పైగా తిట్టదు.

తిప్పి పంపిన అధ్యాయం చూశాను. తెల్లటి మార్జిన్లు. బాగాలేదురా, నిజం చెబుతున్నాను. కానీ నాకు టైము లేదు. సెప్టెంబరు ఆఖరుకి థీసిస్ ఇస్తేనే ఇక్కడి లెక్చరర్ పోస్టుకి అర్హత. అది పోతే మళ్ళీ ఎప్పుడో.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

— అక్క


ప్రెస్సు, ప్రూఫుల బల్ల
జూన్ 20

అక్కా,

తిట్టదా? తిట్టనివాడు నీ పేజీ చదవలేదని అర్థం.

నేనూ మాట్లాడాను దానితో. నిన్న మధ్యాహ్నం మేనేజరు భోజనానికి వెళ్ళినప్పుడు ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మొదటి ప్రశ్నే సూటిగా వేశాను. అది వెంటనే, "మీ ప్రశ్న ఎంతో ఆలోచింపజేసేది" అంది. నేనడిగింది, నీకు సిగ్గుందా అని.

మా లెటర్‌ప్రెస్ సెక్షన్లో ఒక పెద్దాయన ఉన్నాడని రాశాను కదా, చేత్తో అక్షరాలు కూర్చేవాళ్ళలో మిగిలిన ఒకే ఒక్కాయన. ఆయన నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"ఎవరితో అయ్యా, అంత గట్టిగా టైపు కొడుతున్నావు?"

"మరతో."

"మరతో కూడా గొడవేనా? మనుషులందరితో అయిపోయిందా?" అన్నాడు. ఆఫీసంతా నవ్వారు.

ఇంకా అడిగాను. కూలి గురించి, సమ్మె హక్కు గురించి, నా కరపత్రాల్లో నాకు అర్థంకాని రెండు పేరాల గురించి. ఓపిగ్గా చెప్పింది. ఆ రెండు పేరాలూ అర్థమయ్యాయి కూడా. దానికే ఇంకా ఒళ్ళు మండింది. ఆ పేరాల కోసం నేను ఆరు నెలలు తల బద్దలుకొట్టుకున్నాను.

అక్కా, ఒక సంగతి. అది నాతోనూ అంతే తీయగా మాట్లాడింది, నీతో మాట్లాడినట్టే. నువ్వొక్కదానివే అనుకుంటున్నావేమో. అడిగినవాళ్ళందరితో అలా మాట్లాడేవాణ్ణి మనుషుల్లో అయితే ఏమంటారో నీకు తెలుసు. రాయను, అమ్మ ఈ కవరు విప్పి చూస్తుంది.

నాలుగో అధ్యాయం కరపత్రం గురించి కదా. అది నా అధ్యాయం. ఒక్క సాయంత్రంలో ఊరంతా పాకిన ఆ నాలుగు పేజీల కరపత్రం గురించి నేను యూనియన్ వేదిక మీద మూడుసార్లు మాట్లాడాను, మూడుసార్లూ చప్పట్లు మోగాయి. అది మాత్రం ముందు నాకు పంపు. దానికి కాదు.

— తమ్ముడు


పరిశోధకుల హాస్టలు, మూడో అంతస్తు
జూలై 5

ఒరేయ్,

ముందు నీకే పంపుదామనుకున్నాను. మాట నిలబెట్టుకోలేకపోయాను, ప్రొఫెసరు గారు తొందరపెట్టారు. దానికి చూపించాకే నీకు పంపుతున్నాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేక రాస్తున్నాను.

అధ్యాయం పేరు "ఒక సాయంత్రంలో ఊరు". మొత్తం మినిట్స్ పుస్తకంలోని నాలుగు లైన్ల మీద నిలబడింది. నీకు కంఠతా వచ్చినవే:

"నాలుగు పేజీలూ ఎడంచేతాయన ఒక్కడే కూర్చాడు. మూడింటికి కట్టు కట్టాం. ఐదింటికి కబురు వచ్చింది. అంతా పంచేశాం, ఒక్కటీ మిగల్లేదు."

ఐదింటికి అనుకున్న కబురు వచ్చిందన్నమాట, బయల్దేరమని. అంతే, సాయంత్రానికి ఒక్క కాగితం కూడా చేతిలో మిగలకుండా వీధి వీధికీ పంచేశారు. దాని మీద నలభై పేజీలు రాశాను. చాట్‌బాట్ కొన్ని ప్రశ్నలు వేసింది: ఎన్ని ప్రతులు? ఒక్క ప్రతి కూడా ఇప్పుడు ఎక్కడా ఎందుకు దొరకడం లేదు? ఊరంతా చదివితే సమ్మె నాలుగు రోజుల్లోనే ఎందుకు ఆగిపోయింది, ఇరవై ఆరుగురి ఉద్యోగాలు ఎందుకు పోయాయి? మంచి ప్రశ్నలే. అన్నిటికీ జవాబు రాశాను. భయంతో జనం కాల్చేసి ఉంటారు, అణచివేత గట్టిగా ఉండి ఉంటుంది.

ఆగస్టు ఇరవై ఒకటిన సెమినారు. అది ఒప్పుకుంటే థీసిస్ ఒప్పుకున్నట్టే. ప్రొఫెసరు గారు ఈ అధ్యాయం చదివి లేచి నిలబడ్డారురా. ఆయన ఎవరికోసమూ లేవరు.

నీకేమనిపించిందో రాయి. నిజంగా అడుగుతున్నాను.

— అక్క


ప్రెస్సు
జూలై 11

అక్కయ్య గారికి,

నాలుగో అధ్యాయం చదివాను. చాలా బాగుంది. మీ ఇద్దరికీ నా అభినందనలు.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆగాను. అక్కడ మీ ఇద్దరూ జారారు. ఆ మాట ఏదో, ఎందుకు ఆగానో చెప్పను. ప్రశ్నలు అడిగేవాళ్ళు మీకు వేరే ఉన్నారు. ఎనిమిది క్షణాల పని. అడిగించుకోండి.

అమ్మ బాగుంది. వర్షాలు పడుతున్నాయి.

— ప్రూఫురీడరు


పరిశోధకుల హాస్టలు, మూడో అంతస్తు
జూలై 19

అక్కయ్య గారా? సిగ్గులేదురా నీకు? నీకు జడ వేసి బడికి పంపింది నేను. (అమ్మ ఐదేళ్ళదాకా నీ జుట్టు తీయించలేదు. ఈ సంగతి యూనియన్ వాళ్ళకి తెలుసా?)

నేను నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇప్పుడు చెప్పక తప్పదు. నా ప్రాంప్ట్ పేజీన్నర అని రాశాను కదా. దాని మొదటి లైన్లు ఇవి:

"నువ్వు నా తమ్ముడివి. ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతావు. చిన్న పుస్తకాలు చదివి పెద్ద ప్రశ్నలు వేస్తావు. పొగడవు. ఏ వాక్యాన్నీ ఊరికే వదలవు. నేను పెద్ద మాట వాడితే 'నువ్వు చూశావా?' అని అడుగుతావు."

దాని కింద నీ పాత ఉత్తరాల్లోంచి నలభై ప్రశ్నలు ఏరి టైపు చేశాను. అంతకుముందు దాన్ని పండితుడిలా అడగమన్నాను, విమర్శకుడిలా అడగమన్నాను. చప్పగా ఉండేది. నిన్ను పెట్టాక దారికొచ్చింది. నీ ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య నాకు ఇక్కడ మాట్లాడే మనిషి లేడురా. పక్కగది అమ్మాయి చెవుల్లో ఎప్పుడూ ఏవో పెట్టుకునే ఉంటుంది. అందుకని నిన్నే కూర్చోబెట్టుకున్నాను. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు.

నువ్వు ఆగిన మాట ఏదై ఉంటుందని దాన్ని అడిగాను. ఏడు మాటలు చెప్పింది. ఏడింటినీ తిరగేసి చూశాను. ఏ ఒక్కదాని దగ్గరా నాకేమీ తగల్లేదు.

సెమినారుకి నెల రోజులుంది. బతిమాలను, అది నా వల్ల కాదు. కానీ అడుగుతున్నాను. ఏ మాటరా?

— అక్క


ప్రెస్సు, ప్రూఫుల బల్ల
జూలై 30

అక్కా,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. ఐదు రోజులూ రాసి చించాను.

ఇన్నాళ్ళూ ఎవరో వచ్చి నా కుర్చీలో కూర్చున్నారని ఏడ్చాను. ఇప్పుడు తెలిసింది, కూర్చున్నది నేనేనట! నా ప్రశ్నలు, నా గొంతు, నా మొండితనం, అన్నీ ఒలిచి దానికి తొడిగావు. నన్నే నాకు సవతిని చేశావు కదే. నేను నీకు రాసిన ఉత్తరాలు అవి. నీకు. ఊళ్ళో కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని రాసినవి కూడా ఉన్నాయి వాటిలో. ఒక్క మాట నన్ను అడిగావా? యజమాని మన శ్రమ తీసుకుని మనకి చెప్పడు, అది దోపిడీ అని వేదికెక్కి అరుస్తాను. మా అక్క చేస్తే ఏమనాలో నా పుస్తకాల్లో లేదు.

అయినా ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. అది బాగా అడుగుతుందా? నా అంత బాగా?

వద్దు. చెప్పకు.

మాట చెబుతాను. "పంచేశాం."

మా సెక్షన్లో అచ్చయిపోయిన పేజీని విప్పి, సీసం అక్షరాలన్నీ మళ్ళీ ఏ గడిలోవి ఆ గడిలో పడేస్తారు. ఆ పనిని ఈ ప్రెస్సులో మొదట్నించీ "పంచడం" అంటారు. అక్షరాలని గళ్ళకి పంచడం. బయట ఎవరికీ తెలియదు. "కట్టు కట్టాం" అంటే పేజీ చెదరకుండా చుట్టూ దారం కట్టారని. కట్టాక మిషనెక్కించాలి. మిషనెక్కించారని మినిట్స్‌లో ఎక్కడుంది? లేదు. మూడింటికి కట్టారు, ఐదింటికి ఏదో కబురు వచ్చింది, విప్పి గళ్ళలో పంచేశారు. ఒక్క అక్షరం మిగల్లేదు. ఆ కరపత్రం అచ్చే కాలేదు అక్కా. ఒక్క కాగితం కూడా బయటికి రాలేదు. అందుకే ప్రతి దొరకదు. అందుకే నాలుగు రోజుల్లో సమ్మె కూలింది.

నీ అధ్యాయం చదివిన రోజే అనుమానం వచ్చింది. పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "పంచడమంటే ఏంటి పెద్దాయనా?" అన్నాను. "పొద్దున్నించి చేస్తోంది అదేగా. కళ్ళు ఎక్కడ పెట్టుకొచ్చావు?" అన్నాడు, చేతిలోని అక్షరాలు గళ్ళలో చకచకా రాలుస్తూ.

అంటే నాకు జూలై పదకొండునే తెలుసు. తెలిసి ఆ ఉత్తరం రాశాను. నువ్వు సెమినార్లో నిలబడి తప్పు చెబితే, ఎవరో లేచి నవ్వితే, అప్పుడు ఆ మరని కాదని నా దగ్గరికి వస్తావనుకున్నాను. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు. ఇదీ నేను చేసింది.

మూడుసార్లు వేదిక మీద అబద్ధం చెప్పినవాణ్ణి కూడా నేనే అయ్యాను. చప్పట్లు కొట్టినవాళ్ళకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

— తమ్ముడు


పరిశోధకుల హాస్టలు, మూడో అంతస్తు
ఆగస్టు 9

పందొమ్మిది రోజులు.

పందొమ్మిది రోజులు ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగావు. అక్కడ అన్నం తిన్నావు, నిద్రపోయావు. నేనిక్కడ నలభై పేజీలకి ఫుట్‌నోట్లు రాసుకున్నాను. నీ ఉత్తరం చదివి మెట్ల మీద కూర్చుండిపోయాను. నీ మీద అరవడానికి ఫోను తీశాను, మళ్ళీ లోపల పెట్టాను. అరిస్తే తేలికైపోతావు. నువ్వు తేలికవడం నాకిష్టం లేదు.

తర్వాత పైకి వచ్చి, నేను దానికి ఏం టైపు చేశానో చూశాను. చూస్తే ఏముంది? "సాయంత్రం కరపత్రాలు అంతా పంచేశాం." కరపత్రాలు అన్న మాట మినిట్స్ పుస్తకంలో ఆ లైన్లో లేదు. నేను చేర్చాను. అర్థమయ్యేలా ఉంటుందని చేర్చాను, చేర్చినట్టు కూడా గుర్తులేదు. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగితే అది మాత్రం ఏం చేస్తుంది? నేనిచ్చిన పేజీల్లో లేనిది చెప్పకు అని కట్టడి చేసిందీ నేనే, లేనిది పేజీలో పెట్టిందీ నేనే. నువ్వు అసలు పుస్తకం చూశావు, అది నా టైపు చూసింది. అంతే తేడా.

ప్రొఫెసరు గారికి చెప్పాను. ఈసారి లేవలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అచ్చుకాని కరపత్రం మీద అధ్యాయం ఎలా రాస్తావమ్మా?" అన్నారు. "పన్నెండు రోజులుంది సార్" అన్నాను. "సెమినారు వాయిదా వేద్దామా?" అన్నారు. వాయిదా వేస్తే పోస్టు పోయినట్టే. ఆలోచించి చెబుతానన్నాను.

గదికి వచ్చి, ఈసారి ఆ నాలుగు లైన్లూ ఉన్నవి ఉన్నట్టుగా టైపు చేశాను. పంచడం అంటే ఏమిటో, ఎవరు చెప్పారో రాశాను. అది ఒక్కటే ప్రశ్న వేసింది.

"కబురు ఎవరు తెచ్చారు?"

మినిట్స్ అంతా వెతికాను. పేరు లేదు. మిగతా చోట్ల టీ తెచ్చినవాడి పేరు కూడా రాసుకున్నారు, ఇక్కడ లేదు. నాలుగు పేజీలు కూర్చి, కట్టు కట్టి, రెండు గంటల్లో విప్పేసేంత కబురు తెచ్చిందెవరు?

బాధపెట్టాలనే రాస్తున్నాను: ఇది నువ్వు అడగాల్సిన ప్రశ్న. మాట తెలిసి కూడా నువ్వు అడగలేదు. అది అడిగింది.

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

— అక్క


ప్రెస్సు, ప్రూఫుల బల్ల
ఆగస్టు 14

అక్కా,

నీ ఉత్తరం నిన్న పదకొండింటికి వచ్చింది. చివరి పేరా చదివి కవరు జేబులో కుక్కుకుని తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నీ కోసం వెళ్ళానని చెప్పుకోను. దాన్ని ఓడించడానికి వెళ్ళాను. అది ప్రశ్న అడగగలదు, లేచి పక్క సెక్షన్లోకి నడవలేదు కదా అనుకుంటూ వెళ్ళాను.

ఆయన అక్షరాల గళ్ళున్న కేసు ముందు నిలబడి పాత బిల్లు ఫారం పంచుతున్నాడు. అప్పటి సమ్మెలో ఆయనకి ఇరవై రెండేళ్ళు, ఇదే ప్రెస్సులో కంపోజిటరు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎత్తితే "పాత గొడవ, వదిలెయ్" అనేవాడు.

"పెద్దాయనా, ఆ రోజు ఐదింటికి కబురు ఎవరు తెచ్చారు?"

"ఎవరో తెచ్చారు."

"ఎవరో అంటే?"

"యాభై ఏళ్ళయిందయ్యా. నిన్న కూర ఏం తిన్నానో గుర్తులేదు."

"కూర గుర్తులేకపోతే పోనీ. ఇది గుర్తుంటుంది."

చేతులు ఆగిపోయాయి. ఆయన చేతులు ఆగడం నేను చూడలేదు ఎప్పుడూ, మాట్లాడేటప్పుడు కూడా అక్షరాలు పడుతూనే ఉంటాయి.

"ఎవరడగమన్నారు?"

"మా అక్క" అన్నాను. అది అడిగిందని చెప్పడానికి నోరు రాలేదు.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అప్పుడన్నాడు:

"కబురేమీ రాలేదు. పోలీసులు బయల్దేరారని నేనే చెప్పాను."

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఒక్క మాట చేర్చకుండా. "నాలుగు పేజీలూ వాడికే ఇచ్చారయ్యా. నాకు ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు. వాడిది ఎడంచేతి వాటం. మనందరం అక్షరాలు పేర్చే స్టిక్కు ఎడంచేత్తో పట్టుకుంటాం, వాడు కుడిచేత్తో పట్టుకుని ఎడంచేత్తో అక్షరాలు ఏరేవాడు. అది చూడ్డానికి జనం పని మానేసి నిలబడేవాళ్ళు. నేనూ బాగానే కూర్చేవాణ్ణి. నా చుట్టూ ఎవడూ నిలబడలేదు. ఆ పూట వాడి పని విప్పేస్తుంటే వాడి ముఖం ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనిపించింది. అంతే. మర్నాడు మళ్ళీ కూర్చుకుంటారులే అనుకున్నాను. మర్నాడు ప్రెస్సుకి తాళం పడింది."

ఇరవై ఆరుగురిలో ఎడంచేతాయన ఒకడు. ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఈయన్ని మాత్రం తర్వాత పనిలోకి తీసుకున్నారు.

నా సంగతి నీకు తెలుసు. ఇలాంటిది వింటే ఆ గది అదిరిపోయేలా అరవాల్సినవాణ్ణి. ద్రోహి అన్న మాట నోటిదాకా వచ్చింది. కరపత్రాల్లో ఆ మాట చదివినప్పుడల్లా ఎంత లావు అక్షరాల్లో కనబడేదో. అనలేకపోయాను. అంటే ఆయనకంటే ముందు నాకే తగిలేలా ఉంది. పక్కన నిలబడి, ఆయన వదిలేసిన పంపకం నేను అందుకున్నాను. రెండు వత్తులు తప్పు గడిలో వేశాను. "అది కాదు, పక్కది" అన్నాడు.

ఆ వత్తుల్ని సరైన గడిలోకి మార్చి తనే అన్నాడు, "మీ అక్కయ్యకి రాయి. దాచడానికి ఇంకేముంది. కానీ వాడి పేరు ముందు వెయ్యమను. నాలుగు పేజీలు కూర్చినవాడు, అచ్చులో వాడి పేరు ఒక్కసారీ రాలేదు. నా పేరు వాడి తర్వాత. ప్రూఫు నువ్వు చూడు, తప్పు పోనివ్వకు." రెండు పేర్లూ తన చేత్తో చీటీ మీద రాసి సంతకం పెట్టాడు. ఈ కవర్లో పెట్టాను, నేనూ స్పీడ్ పోస్టులోనే వేస్తున్నాను, జాగ్రత్త. ఆయన నీతో మాట్లాడతానన్నాడు, ఏ రోజైనా సరే, నువ్వు అడిగినంతసేపు. సెమినారు వాయిదా వెయ్యకు. అచ్చుకాని కరపత్రం మీద అధ్యాయం ఎలా రాస్తావని కదా మీ సారు అడిగింది. ఇలా రాస్తావు.

ఆదివారం యూనియన్ మీటింగుంది. నాలుగోసారి వేదికెక్కి, మూడుసార్లు చెప్పింది తప్పని చెబుతాను. చప్పట్లు ఉండవు. నీకు పందొమ్మిది రోజులు చేసింది కూడా చెప్పాలనుంది, ధైర్యం చాలితే.

నన్ను క్షమించమని అడగను. నువ్వు బతిమాలనన్నావు, నేనూ నీ తమ్ముణ్ణే. ఒక్క షరతు మాత్రం పెడతాను, తిట్టుకో.

అది మంచి ప్రశ్న అడిగింది. ఒళ్ళు మండుతూనే ఒప్పుకుంటున్నాను. కానీ జవాబు దానికి చెప్పకు. సెమినార్లో చెప్పు, మీ సారుకి చెప్పు, పుస్తకంగా వేయించి ఊరంతా పంచు, మామూలు అర్థంలో పంచు. దానికి మాత్రం చెప్పకు. తమ్ముడు కనుక్కోవడానికి వెళ్ళాడు, ఇంకా ఉత్తరం రాలేదు అను. ఉత్తరం కోసం ఎనిమిది రోజులు గుమ్మం వైపు చూడటం ఎలా ఉంటుందో దాన్ని కూడా తెలుసుకోనీ.

అది ఎదురుచూడదని నాకు తెలుసు. అయినా చెప్పకు.

— నీ తమ్ముడు